ప్రసాదం లెక్కలోకి రాదు

పంచె కట్టుకునేవాడికి తాను లావవుతున్న సంగతి ఎవరూ చెప్పరు. ప్యాంటయితే గుండీ పట్టదు, బెల్టుకు కొత్త చిల్లు పొడిపించుకోవాలి, టైలరు టేపు పట్టుకొని నవ్వుతాడు. పంచెకు ఆ గొడవే లేదు. ఎంత నడుముంటే అంత నడుముకూ మారుమాట్లాడకుండా చుట్టుకుంటుంది. కుచ్చిళ్ళు కాస్త తగ్గుతాయి, అంతే. పాతబస్తీలో ఛత్రినాక దాటి లోపలికి పోయే ఒక గల్లీలో మా తాతల నాటి వేణుగోపాలస్వామి గుడి ఉంది. అందులో అర్చకత్వం చేసే నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పంచే. కాబట్టి నా కడుపు పెరుగుతున్న సంగతి చాలా ఏళ్ళు నాకూ తెలియలేదు, నా పంచెకూ తెలియలేదు.

తెలిసింది మొలతాడుకు ఒక్కదానికే. అది మాటిమాటికీ బిగుతయ్యేది. నూలు కదా, రోజూ తలస్నానంలో తడిసి తడిసి ముడుచుకుపోతోందని నేను గట్టిగా నమ్మాను. విప్పడం, ఇంకాస్త పొడుగ్గా కట్టుకోవడం. ఒకసారి పూజ సామాను కోసం బేగంబజార్ పోయినప్పుడు దారాల దుకాణం ఆయన మీద విసుక్కున్నాను కూడా, సరుకులో నాణ్యం లేదు, తెచ్చిన నాలుగు రోజులకే ముడుచుకుంటోంది అని. ఆయన నా ముఖం చూశాడు, తర్వాత నా కడుపు చూశాడు. "ధాగా తో వహీచ్ హై, పూజారీజీ" అన్నాడు. దారం అదే, అని. మిగతా ముక్క మర్యాద కొద్దీ మింగేశాడు. నాకు అప్పుడూ అర్థం కాలేదు. చివరికి అర్థమయ్యేలా చెప్పింది గర్భగుడి ద్వారం.

మా గుడి చిన్నది, గర్భగుడి ద్వారం ఇంకా చిన్నది. తల వంచకుండా ఎంతటివాడైనా లోపలికి పోలేడు. ఏడాదికి ఒక్కసారి, ధనుర్మాసం ముగిసే రోజు గోదా కల్యాణానికి, ఉత్సవమూర్తిని రెండు చేతులా ఎత్తుకొని ఆ ద్వారంలోంచి వంగి బయటికి వచ్చి, రెండు మెట్లు దిగి, మండపంలో పీట మీద కూర్చోబెట్టాలి. పంచలోహ విగ్రహం. చూడడానికి చంటిపిల్లవాడంత ఉంటాడు, ఎత్తితే తెలుస్తుంది బరువు. మా నాన్న చేతులు వణకడం మొదలైన ఏడు నుంచి ఆ పని నాది. రోజూ నేను స్వామికి స్నానం చేయిస్తాను, బట్ట కడతాను, పూలు పెడతాను. కానీ ఎత్తుకోవడం ఆ ఒక్కరోజే. దాని కోసం నేను ఏడాదంతా ఎదురుచూస్తానని ఎవరికీ చెప్పలేదు. చెబితే పూజారికి ఇదేం పిచ్చి అంటారు.

ఆ ఏడు ఎత్తుకున్నాను. గుండెకు హత్తుకోవాల్సిన స్వామి కడుపు మీద కూర్చున్నాడు. వంగితే ఊపిరాడలేదు. పీఠం అంచు కింద నా కడుపు, దాని కింద ఎక్కడో మెట్టు. కనిపించలేదు. అలవాటు మీద కాలు వేశాను, మోకాలు మడతపడింది, భుజం వెళ్ళి రాతి ద్వారబంధానికి కొట్టుకుంది. స్వామి చేతుల్లోంచి ఒక్క బెత్తెడు కిందికి జారాడు. ఎలా పట్టుకున్నానో నాకు తెలియదు. బయట ఉన్నవాళ్ళు గోవిందా అంటున్నారు. నేను భక్తితో ఆగాననుకొని ఇంకా గట్టిగా అన్నారు.

చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు నా భార్య. హారతి పళ్ళెంతో ఎదురుగానే ఉంది. రెండోవాడు మా చిన్నాయన కొడుకు, నా తమ్ముడు. వాడు ఆఫీసు ఉద్యోగి. పండుగలకు వచ్చి చేదోడుగా ఉంటాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి, ఒక్క చాయ్ చెప్పి రెండు కప్పుల్లో వన్ బై టూ చేసుకొని తాగినవాళ్ళం మేమిద్దరం. ఇంట్లో తెలిస్తే ఇద్దరికీ వీపు విమానం మోతే.

కల్యాణం అయి అందరూ పోయాక వాడు నా పక్కన కూర్చున్నాడు. "అన్నా, ఒక మాట జెప్త, గుస్సా గాకు. వచ్చే ఏడు స్వామిని నేను ఎత్తుకుంట. లీవు పెట్టి వస్త. నువ్వు మంత్రం సదువు, సాలు" అన్నాడు.

వాడు నా మంచికే అన్నాడు. మంచికే అన్నాడని తెలిసినందుకే నాకు ఒళ్ళు మండింది. "నేనేమన్న ముసలోణ్ణి అయిన్నా?" అని కసిరాను. వాడు నా మోకాలి వైపు చూసి లేచిపోయాడు. ఆ రోజు సాయంత్రం నా భార్య నా భుజానికి కాపడం పెడుతూ, "కోపం తర్వాత జేద్దురు. స్వామి కింద పడితే ఏం మొహం పెట్టుకొని బతుకుదుమండి?" అంది. ఏడాది సమయం ఉంది. ఆ ఏడాదిలో నేను ఆ ద్వారంలోంచి స్వామితో వంగి వచ్చేవాణ్ణయితే సరే, లేకపోతే తమ్ముడు ఎత్తుకుంటాడు, నేను పక్కన నిలబడి మంత్రం చదువుతాను. అంతే సంగతి.

నేను తొందరపాటు మనిషిని. మరునాటి నుంచే మొదలుపెట్టాను. ఒక భక్తుడు చెప్పాడని పొద్దున నిమ్మరసం, తేనె. ఇంకొకాయన చెప్పాడని అన్నం బంద్, ఒట్టి జొన్నరొట్టె. ఫోన్లో ఎవరో చూపించారని మధ్యాహ్నం దోసకాయ తప్ప ఏమీ లేదు. నాకు అసలే ముక్కు మీద కోపం, దానికి ఆకలి తోడైంది. అర్చన చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు గోత్రం చెప్పడానికి తడబడితే వాళ్ళ మీద లేచాను. ఒంట్లో కాస్త తగ్గింది, నిజమే. గల్లీలో అందరూ "సన్నబడ్డరు అయ్యగారూ" అన్నారు. ఆ మాట విని మురిసిపోయి ఉగాది నాడు కాస్త సడలించాను. శ్రీరామనవమికి పూర్తిగా సడలింది. పోయిన బరువు చుట్టాలను వెంటబెట్టుకొని తిరిగి వచ్చింది. మొలతాడు మళ్ళీ విప్పి కట్టుకుంటుంటే నా భార్య చూసి నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు బాగుండేది.

ఆమే నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. మా బస్తీలోనే చిన్న క్లినిక్. డాక్టరమ్మ వాళ్ళు క్రైస్తవులు, వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, ఆమె ఇక్కడే పుట్టి పెరిగింది. మోకాలు నొక్కి చూసింది, రక్తం పరీక్ష కాగితాలు చూసింది, షుగర్ అంచున నిలబడి ఉందని చెప్పింది. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకొని అడగడం మొదలుపెట్టింది.

"పొద్దున ఏం తింటరు అయ్యగారూ?"

"ఏం తిననమ్మా. నైవేద్యం అయ్యేదాంక మంచినీళ్ళు గూడ ముట్ట" అన్నాను గర్వంగా.

"తర్వాత?"

"మధ్యాహ్నం ఒక్క పూట భోజనం. రాత్రికి కొంచెం పలారం. ఏకాదశికి ఉపాసం."

"ఉపాసం రోజు ఏమీ తినరా?"

"అన్నం ముట్ట. సగ్గుబియ్యం కిచిడి, ఏంచిన పల్లీలు, ఉడకబెట్టిన గెనుసుగడ్డలు, అరటిపండ్లు, పాలు. గంతే."

ఆమె పెదవులు బిగించుకుంది. "మామూలు రోజు కంటె ఎక్కువనే ఉన్నది గద" అంది. నేను వాదించబోయాను. ఇంతలో పక్కనున్న నా భార్య మెల్లగా, "ప్రసాదం సంగతి జెప్పరేంది?" అంది.

నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. "ప్రసాదం తిండేంది?" అన్నాను.

నేను తమాషాకు అనలేదు. మా ఇంట్లో ఎవరిని అడిగినా అదే అంటారు. ప్రసాదం స్వామిది. మనం పుచ్చుకుంటాం, తినం. ఆకలి కోసం తినేది తిండి, ప్రసాదానికీ ఆకలికీ ఏం సంబంధం? ఉపవాసం ఉన్నవాడు కూడా ప్రసాదం కళ్ళకద్దుకొని నోట్లో వేసుకుంటాడు. అది లెక్కలోకి రాదు. నాకు ఇన్నేళ్ళు వచ్చాయి, ఇది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

డాక్టరమ్మ చేతిలో పెన్ను కింద పెట్టింది. "మా చర్చిల గూడ ఇస్తరు అయ్యగారూ. చిన్న ముక్క. నాలుక మీద పెట్టుకుంటె కరిగిపోతది. మీది ఎంత ఉంటది?" అని అడిగింది.

నేను జవాబు చెబుదామని రెండు చేతులూ ఎత్తాను. నా చేతులు వాటంతట అవే గాలిలో గిన్నె ఆకారం చూపించాయి. చిన్న గిన్నె కూడా కాదు. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ ఆపుకోలేక నవ్వేసింది. చివరికి నేనూ నవ్వాను. ఎన్నో నెలల తర్వాత నవ్వాను. నా ఒంట్లో ఏదో అంతుపట్టని రోగం ఉందని, అందుకే గాలి పీల్చినా లావవుతున్నానని లోపల్లోపల భయపడుతూ ఉన్నాను. రోగం లేదు, పులిహోర ఉంది. గుండెల మీంచి ఏదో దిగిపోయినట్టయింది.

"నేను ప్రసాదం మానమంటలేను. మీరు మానరని నాకు తెలుసు" అంది ఆమె. "జొన్నరొట్టెలు, నిమ్మరసం అన్నీ జేసిండ్రు, తగ్గిండ్రు, మళ్ళ వచ్చింది. ఎందుకంటె అవి మీ ఇంట్ల నడిచేటియి గావు. ధనుర్మాసంల గూడ నడిచే పద్ధతి ఏదన్న ఉంటె జూడండ్రి. గది పద్ధతి. మెల్లగ తగ్గనీయండ్రి, ఫికర్ లేదు. తగ్గింది మళ్ళ రావద్దు, గంతే."

ధనుర్మాసం మాట ఎత్తింది. నెల రోజులు, తెల్లవారకముందే నెయ్యి కారే పొంగలి. ఈ అమ్మాయికి నా బలహీనత ఎక్కడుందో ఎవరు చెప్పారో అనుకున్నాను. చెప్పింది నా భార్యే అయ్యుంటుంది.

పద్ధతి కూడా ఆమెకే తట్టింది. మరునాడు నైవేద్యం అయ్యాక, తీర్థం ఇచ్చి, వచ్చిన నలుగురికీ ప్రసాదం పంచి, నేను ఎప్పటిలాగే గుడి వంటగదిలోకి పోయి గిన్నె ముందు పీట వేసుకోబోయాను. ఆమె గరిటె పట్టుకొని నిలబడింది. "అందరి లెక్క వచ్చి నిలబడండి. చెయ్యి పట్టండి" అంది. కుడి అరచేయి దొన్నెలా పట్టాను. అందులో పట్టినంత పెట్టింది. "చేతుల పెడితె ప్రసాదం. ఇస్తార్ల పెడితె అది భోజనమండి. మీరు ఇన్నేండ్లు రెండు భోజనాలు జేస్తున్నరు" అంది.

దాన్ని కాదనడానికి నా దగ్గర ఏ శాస్త్రమూ లేదు. ప్రతిరోజూ నేనే ఎందరికో అరచేతిలో పెట్టాను. ఒక్కరు కూడా ఇంకా పెట్టమని కూర్చోలేదు. అరచేతిలో పెట్టుకొని, కళ్ళకద్దుకొని, నిలబడే తిని, చెయ్యి తలకు రాసుకున్నాను. చిత్రంగా, దానికి రుచి ఎక్కువ ఉంది. గిన్నె ముందు కూర్చొని తిన్నన్నాళ్ళూ నేను ఎప్పుడూ కళ్ళకద్దుకోలేదని అప్పుడు గుర్తుకొచ్చింది. మధ్యాహ్నం విస్తరిలో కూడా ఆమె వరస మార్చింది. ముందు కూర, పప్పు, తర్వాతే అన్నం. నేను గొణిగాను. గొణుగుతూనే తిన్నాను.

కానీ గిన్నె మిగిలిపోతోంది. అదీ చిక్కు. ప్రసాదం పారేయకూడదు, తొక్కకూడదు. ముందు గల్లీ మొదట్లో ఉండే ఆటోవాళ్ళకు పంచాం. రెండు మూడు రోజులు సంబరంగా తిన్నారు. తర్వాత నా భార్య గిన్నెతో కనబడితే ఆటో స్టార్ట్ చేయడం మొదలుపెట్టారు. ఒకరోజు నేను ఆ గిన్నె ముందు నిలబడి, ఇంత పులిహోర మా గుడిలో ఎవరు తినేవాళ్ళని ఆలోచించాను. ఎవరెవరో గుర్తుకొచ్చారు. మూలమీది మేడ ఇంటివాళ్ళు, ఎల్బీనగర్ పోయారు. కిరాణా కొట్టువాళ్ళు, వాళ్ళ ఇల్లు ఇప్పుడు గోదాము. ఎదురింట్లో ఉమ్మడి కుటుంబం ఉండేది, పిల్లలే ఒక బారు నిలబడేవాళ్ళు. వాళ్ళు తలా ఒక దిక్కు ఫ్లాట్లు కొనుక్కొని పోయారు. మనుషులు పోయారు, గిన్నె మాత్రం అదే. నాన్న కాలంలో మానెడు బియ్యం, ఇప్పుడూ మానెడే. పోయినవాళ్ళ వంతు ప్రసాదం గుడిలోనే మిగిలిపోయింది. వాళ్ళందరి వంతూ రోజూ నేను ఒక్కణ్ణే తింటున్నాను.

ఇది తెలిశాక నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. బియ్యం తగ్గిద్దామా అంది నా భార్య. వద్దన్నాను. నా కడుపు తగ్గడం కోసం స్వామి పళ్ళెంలో తగ్గించడమా? నాన్న పెట్టిన మానెడును నేను ముట్టుకోవడమా? ఆ ఆలోచనకే చెంపలు వేసుకున్నాను. నాలుగు రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె కూడా బతిమాలలేదు. చిన్నాయనను అడగండి అని మాత్రం అంది.

చిన్నాయన అంటే తమ్ముడి తండ్రి. మా వెనక గల్లీలో ఉంటాడు. నాన్న పోయాక మా వంశంలో పెద్ద ఆయనే. పనిలో పొరపాటు చూస్తే ఈ వయసులో కూడా చేతికర్ర ఎత్తుతాడు. తిట్లు తినడానికి సిద్ధపడే పోయాను. మంచం మీద కూర్చొని విసనకర్రతో విసురుకుంటున్నాడు. నేను నసుగుతూ నసుగుతూ మొత్తం చెప్పాను. జారిన స్వామి సంగతి కూడా చెప్పాను. అది విని విసనకర్ర ఆపాడు.

"మానెడు ఎవలు పెట్టమన్నరురా నీకు?" అన్నాడు.

"నాయిన పెట్టిండు గద."

"మీ నాయిన పెట్టక ముందు ఎంత ఉండెనో ఎరికేనా? సోలెడు. మా నాయిన కాలంల సోలెడే ఉండె. తర్వాత గల్లీల జనం పెరిగిన్రు. పండుగ నాడు పోరగాండ్లకు అందకపోతె మీ నాయినకు పానం ఆగకపోయేది. తవ్వెడు జేసిండు, మానెడు జేసిండు. జనం పెరిగితె పెంచినం. జనం తగ్గినంక తగ్గించుడు యాది మరిసినం, గంతే."

మానెడులో పావు వంతు సోలెడు. ఇన్నేళ్ళు నేను దేవుడి ఆజ్ఞ అనుకున్నది, మా నాన్న పిల్లల మీద ప్రేమతో చేసిన పని.

"స్వామికి తక్కువైతదేమో అని..."

"స్వామి కొలిచి తింటడార? ఒక్క మెతుకు నివేదించినా స్వామికి సాలు. మిగిలింది నీ పొట్టకే" అని కర్రతో నా కడుపు మీద ఒక్కటి పొడిచాడు. "పండుగకు మాత్రం మానెడు తక్కువ జెయ్యకు. పో."

గల్లీలో నడుస్తుంటే కళ్ళు తడి అయ్యాయి. తిట్టనందుకు కాదు. నాన్న చేసిందాన్ని నేను చెడగొట్టడం లేదు, ఆయన చేసిన పనే నేనూ చేస్తున్నాను. వచ్చినవాళ్ళను చూసి కొలత పెట్టడం. ఇంటికి పోయి నా భార్యకు చెబితే, "సోలెడు గిన్నె నిన్ననే తోమి పెట్టిన" అంది. ఇలాంటి మనిషితో ఇన్నేళ్ళు వాదిస్తూ బతికాను.

నడక కూడా మొదలుపెట్టాను. ప్రత్యేకంగా బూట్లు వేసుకొని పార్కులో తిరగడం నా వల్ల కాదు. పూజ సామాను కోసం బేగంబజార్‌కు బండి మీద పోయేవాణ్ణి, నడిచి పోవడం మొదలుపెట్టాను. శాలిబండ, చార్మినార్, మదీనా, నయాపూల్. తిరిగి వచ్చేటప్పుడు సామానుతో ఆటో. మొదట్లో నయాపూల్ వంతెన గోడకు ఆనుకొని ఆయాసపడుతుంటే, కోర్టుకు పోయే నల్లకోట్ల లాయర్లు నేనేదో కేసు ఓడిపోయి వచ్చాననుకొని జాలిగా చూసేవాళ్ళు. మా గల్లీవాళ్ళ ప్రశ్న ఒక్కటే, "బండి ఖరాబైందా అయ్యగారూ?" ఆటోవాళ్ళకయితే నేను నడవడం అవమానంగా ఉండేది. "పైసే నక్కో పూజారీజీ, ఆవో, బైఠో" అని, డబ్బులొద్దు ఎక్కమని, పక్కనే మెల్లగా నడిపేవాళ్ళు. కొందరికి మోకాలని చెప్పాను, కొందరికి మొక్కు అని చెప్పాను. మొక్కు అంటే ఇంకెవరూ అడగలేదు. అది అబద్ధం కూడా కాదు.

వానాకాలం దాటేసరికి నయాపూల్ మీద ఆగడం మానేశాను. దసరా నాటికి నేల మీద నుంచి లేవడానికి స్తంభం పట్టుకోవడం లేదు. కార్తీకంలో ఒకరోజు స్నానం చేస్తుంటే మొలతాడు నడుము మీంచి జారి తుంటి మీద ఆగింది. నూలు సాగిందేమో అనుకున్నాను ముందు. తర్వాత నన్ను నేనే చూసి నవ్వుకున్నాను. ముడి విప్పి, కొంచెం దగ్గరికి లాగి కట్టుకున్నాను.

అసలు పరీక్ష ధనుర్మాసం. వెచ్చటి పొంగలి, మిరియాలు, జీడిపప్పు, గిన్నె అంచున నెయ్యి. చలికి బయట కుక్కలు కూడా ముడుచుకొని పడుకునే వేళ, ఆ వాసన ఒక్కటే వెచ్చగా ఉంటుంది. అరచేయి పట్టాను. తిన్నాను. పక్కకు వచ్చేశాను. రోజులు అలాగే గడిచాయి. ఒక రోజు మాత్రం నా భార్యకు జ్వరం వచ్చి గుడికి రాలేదు. మంచు కురుస్తోంది, ఇద్దరే ముగ్గురు వచ్చారు. వాళ్ళు పోయాక నేను గిన్నె దగ్గర నిలబడ్డాను. ఆ తర్వాత కూర్చున్నాను. గిన్నె ఖాళీ అయింది.

ఇంటికి వచ్చి ఆమె మంచం పక్కన తల వంచుకొని చెప్పాను. ఇక నా వల్ల కాదు, తమ్ముడికి ఫోన్ చేస్తాను, స్వామిని వాడే ఎత్తుకుంటాడు అన్నాను. ఆమె దుప్పటిలోంచి ముఖం బయటపెట్టి, "ఒకనాడు గాలికి గుళ్ళె దీపం మలిగింది గద. గుడి మూసేసి వచ్చిన్రా?" అంది.

"లేదు. మళ్ళ ముట్టిచ్చిన."

"మరి ఏందీ లొల్లి? రేపు చెయ్యి పట్టండి. ఇప్పుడు నన్ను పండనీయండి."

మరునాడు చెయ్యి పట్టాను. పాత రోజుల్లో అయితే ఒక్క గిన్నెతో మొత్తం వదిలేసి ఉండేవాణ్ణి. ఆ తర్వాత కూడా అక్కడక్కడ జారాను, ఇప్పటికీ జారుతుంటాను. మరునాడు అరచేయి ఉంటుందని తెలుసు కాబట్టి భయం లేదు. ఆ ఏడాది తర్వాత ఇంకా కొన్ని ధనుర్మాసాలు వచ్చి పోయాయి. సోలెడు గిన్నె సోలెడుగానే ఉంది, మొలతాడు ముడి కూడా అక్కడే ఉంది.

నేను అరచేయి పట్టిన ఆ మొదటి ఏడు గోదా కల్యాణానికి తమ్ముడు తానన్న మాట ప్రకారం లీవు పెట్టి వచ్చాడు. కొత్త పంచె కట్టుకొని, స్నానం చేసి, గర్భగుడి ద్వారం పక్కన నిలబడ్డాడు. నేను లోపల స్వామికి దండ సర్దుతున్నాను. వాడు గొంతు తగ్గించి, "అన్నా, నేను రావాల్నా?" అన్నాడు. చేతులు ముందుకు చాచే ఉన్నాడు. ఆ చేతుల మీద నాకు కోపం రాలేదు. భయం మాత్రం వేసింది. పోయిన ఏడు భుజానికి తగిలిన రాయి ఎదురుగా కనిపిస్తోంది.

"ఆడనే ఉండు" అన్నాను.

స్వామిని ఎత్తుకున్నాను. గుండెకు ఆనుకున్నాడు. లోహం చల్లగా, చందనం తడిగా, నా ఛాతీ మీద. వంగాను. ఊపిరి ఆడింది. ద్వారంలో భుజం ఎక్కడా తగలలేదు. కిందికి చూశాను. నా బొటనవేళ్ళు కనిపించాయి. వాటి ముందు గడప, గడప అవతల మెట్టు, మెట్టు మీద నా భార్య తెల్లవారుజామున వేసిన ముగ్గు. ఆ ముగ్గు ఎన్నేళ్ళుగా వేస్తోందో, నేను స్వామితో దిగేటప్పుడు ఒక్కసారి కూడా చూడలేదు. దాని మీద కాలు వేశాను. రెండో మెట్టు మీద వేశాను. పీట మీద స్వామిని కూర్చోబెట్టి లేచేసరికి నాకు ఏడుపు వచ్చేసింది. మంత్రం మొదలుపెట్టాల్సింది నేనే. తమ్ముడు నా వెనక నిలబడి మెల్లగా మంత్రం అందుకున్నాడు, నేను కలిశాను.

ఆ రోజు పండుగ కాబట్టి నా భార్య మానెడే వండింది. చిన్నాయన మాట. జనం మేం అనుకున్న దానికంటే ఎక్కువ వచ్చారు. బారు మండపం దాటి గల్లీలోకి పోయింది. నేను ఒక్కొక్కరి అరచేతిలో పెడుతూ పోయాను. చివర నిలబడ్డది తమ్ముడు. వాడి చేతిలో పెట్టేసరికి గరిటె గిన్నె అడుగున గీసుకొని చప్పుడైంది. తర్వాత వంతు నాది. నా భార్య గిన్నె వంచి చూసి, "అయ్యో, మీకు ఒక్క మెతుకు గూడ మిగలలేదు" అని కంగారుపడింది.

ఖాళీ గిన్నె. నేను లోపలికి చూశాను. నాన్న ఉన్న రోజుల తర్వాత మా గుడిలో గిన్నె నా సాయం లేకుండా ఖాళీ అవడం అదే మొదటిసారి. నవ్వు ఆగలేదు. ఆమెకు నేనెందుకు నవ్వుతున్నానో అర్థం కాలేదు.

తమ్ముడు తన అరచేయి ముందుకు పెట్టాడు. ఇంకా తినలేదు వాడు. "అన్నా, వన్ బై టూ" అన్నాడు.

నేను నా చెయ్యి పట్టాను. వాడు సగం నా చేతిలోకి వంచాడు. కళ్ళకద్దుకొని తిన్నాను. నాకు అది సరిపోయింది.